గాలమునకు గట్టు ఈగలు

గడచిన మాఘమాసమున స్కాట్లండునుండి మా చిన్న మరది వ్రాసిన జాబులో నొక విచిత్రమైన కోరిక యుండెను. సన్నని బంగారు జరీ యొక ఉండయు, నలుపు, ఎరుపు పట్టుదారములు రెండేసి ఉండలును కొని, మార్చి 15వ తేదీకి ముందుగా తనకు చేరునట్లు పంపవలెనని యాతడు వ్రాసెను. తోడికోడలు రవికలకు అల్లికపని మొదలుపెట్టినది కాబోలునని మేము సంతోషించితిమి. జాబు చివర నొక ముక్క యుండెను: "వదినగారూ, ఇవి చీరలకు గాదు, చేపలకు."

చేపలకు జరీ యేమని మావారు నవ్విరి. దారములు పంపితిమి. ఫాల్గుణము వెళ్లకమునుపే ఆతని యొద్దనుండి అగ్గిపెట్టెయంత రేకుపెట్టె యొకటి వచ్చినది. తెరచి చూడగా దూదిలో మూడు పురుగు లున్నవి. ఒకటి నల్లనిది, ఒకటి గోధుమవన్నెది, మూడవదాని పొట్టపై ఎర్రని ఉన్ని, ఆ ఉన్నిపై మేము పంపిన జరీపోగు మెలికలుగా చుట్టుకొని మెరయుచున్నది. మా చిన్నపిల్ల భయపడి వెనుకకు జరిగినది. చేతికి దీసికొన్న తరువాతగాని అవి పురుగులు గావనియు, ఈకతోను దారముతోను గాలపు కొక్కెముమీద గట్టిన బొమ్మలనియు మాకు దెలియలేదు.

వీనిని ఆ దేశమువారు ఈగలందురు. వానపామును, పిండిముద్దను గుచ్చి చేపను బట్టుట మన కంభములో పిల్లవానికిని దెలియును. తినదగిన వస్తువేదియు లేక, ఉత్త యీకతో చేపను భ్రమింపజేయుట వేరు విద్య. ఇది క్రొత్తది గాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఏలియను అను రోము గ్రంథకర్త, మాసిడోనియాలో నొక యేటివద్ద జాలరులు కొక్కెమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిమెడలోని మైనపువన్నె యీకలు రెండు గట్టి చేపలు పట్టుచున్నారని వ్రాసినాడు. మా పెట్టెలోని మూడవ ఈగకు కూడ ఎర్రని ఉన్నియే. పదునెనిమిది వందల యేండ్లలో మారినది మిక్కిలి తక్కువ.

ఈ యీగలకు లోబడు చేప పేరు ట్రౌటు. చల్లనియేళ్లలోను, కొండసరస్సులలోను ఉండును. మన కంభము చెరువులో నెందుకు లేదని పిల్లలడిగిరి. కారణము నీటివేడి. నీరు చల్లనైనకొలది అందు ప్రాణవాయువు ఎక్కువగా నిలుచును. 10 డిగ్రీల యొద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు నిలుచును; 30 డిగ్రీలకు వేడెక్కిన అది ఏడున్నరకు దిగిపోవును. ట్రౌటునకు ఆ గాలి చాలదు; నీరు 20 డిగ్రీలు దాటినపుడే దానికి కలత మొదలగును. వేసవిలో మన చెరువు సంగతి చెప్పనక్కరలేదు. మన దేశమున కాశ్మీరము, నీలగిరులవంటి చల్లనితావులలోనే ట్రౌటు నిలిచినది. అచ్చటికిని అది తానుగా వచ్చినది గాదు. విదేశములనుండి గ్రుడ్లు తెప్పించి పెంచిరి. కాశ్మీరమునకు 1899లో ఓడపై బంపిన గ్రుడ్లు త్రోవలోనే చెడిపోయినవి. మరుసటి యేడు పంపినవి నిలిచినవి. నీలగిరులలో తొలి ప్రయత్నములు విఫలములై, 20వ శతాబ్దపు మొదటి దశకమున విల్సను అను నతని శ్రద్ధవలన అవలాంచి యొద్ద పిల్లలు లేచినవి.

మార్చి 15వ తేదీ ఏమని మేమడుగగా మరది వివరముగా వ్రాసినాడు. స్కాట్లండున ఆ దినమున ట్రౌటును పట్టుటకు అనుమతి మొదలై, అక్టోబరు 6తో ముగియునట. మార్చిలో సరస్సులు ఇంకను గడ్డకట్టునంత చల్లగా నుండును. చేప మందకొడిగా నుండి, పైకి రాక, లోతున మెదలును. దోమను బోలి కుట్టని చిన్నపురుగు లుండును గదా, వాని పిల్లలు అడుగుబురదలో ఎర్రని దారపుముక్కలవలె పెరుగును. అవి రెక్కలు తొడుగుకొనుటకై మెల్లగా పైకి వచ్చునపుడు ట్రౌటు వానిని త్రోవలోనే మ్రింగును. కనుక ఆ దినములలో నీటిపై తేలెడు ఈగను వేసిన లాభము లేదు. మునుగు ఈగను వేయవలెను. దానిని నీట దిగనిచ్చి, గవ్వలు లెక్కపెట్టినంత నెమ్మదిగా దారము లాగవలెను. ఎండ తగిలి తొందరగా వెచ్చబడు లోతుతక్కువ గట్లవద్దకు చేప ముందుగా వచ్చును గనుక, పడవపై నడిసరస్సునకు బోవుటకంటె ఒడ్డుననే నిలుచుట మేలట. ఒకే దారమునకు మూడు ఈగలు గట్టుదురు: కొసన నొకటి లోతుకు బోవును, నడుమ నొకటి, పైన నొకటి నీటితలమును చీల్చుకొనుచు వచ్చును.

మునుగు ఈగకును తేలు ఈగకును భేదమంతయు ఈకలో నున్నది. పుంజు మెడయీక బిరుసు, నీటిపై నిలుచును. పెట్ట మెడయీక మెత్తన. నీరు త్రాగి మునిగి, లాగినప్పుడెల్ల కాళ్లు ఆడించినట్లు కదలును. ప్రాణము లేనిదానికి ప్రాణము దెచ్చునది పెట్ట యీకయే! మా పెట్టెలోని ఎర్రయీగకు పీటర్ రాస్ అని పేరు. కిల్లిన్ అను పల్లెలో నంగడి నడుపుకొను నొకడు పాతయీగకు చిన్న మార్పు చేయగా, ఆతని పేరు లోకమంతట నిలిచినది.

పని చేతిలో నుంచుకొని చూడగా నిది స్త్రీల పనివలె మాకు దోచినది. తోచుట యేమి, నిజముగ నట్లే జరిగినది. ఇంగ్లీషున ఈ విద్యపై అచ్చైన మొదటి గ్రంథము 1496 నాటిది. అందు పండ్రెండు ఈగలు నెలల వారిగా చెప్పబడినవి. దానిని జూలియానా బర్నర్సు అను సన్యాసినీమఠాధిపురాలు వ్రాసెనని చిరకాలముగా వాడుక; విద్వాంసులు దీనికి నిశ్చయముగా నొప్పరు. 1892లో మేరీ ఆర్విస్ మార్బరీ అను నమెరికా వనిత, తన తండ్రి యంగడిలో ఆడువారిచే ఈగలు గట్టించుచు, ఏ యీగ యెచ్చట పుట్టినదో, దాని కాపేరు ఎట్లు వచ్చినదో విచారించి పెద్ద గ్రంథము ప్రకటించినది.

వీరందరికంటె మా మనసున నిలిచినది మేగన్ బాయిడ్. 1915లో పుట్టి 2001లో గతించిన యీమె స్కాట్లండున బ్రోరా యను నూరిదగ్గర చిన్నకుటీరములో నొంటరిగా నుండి, చూపు మందగించు వరకు సాల్మను చేపల ఈగలు గట్టినది. 1971లో ఆమెకు రాజపతకము ప్రకటించిరి. పతకమునకై పోయినచో తన కుక్కను జూచువారు లేరని ఆమె వెళ్లలేదని చెప్పుకొందురు. దేశదేశముల వేటగాండ్రు ఆమె యీగకై వేచియుండిరి. ఆమె మాత్రము తన జీవితమున గాలము వేయలేదు. చేపను చంపుటకు ఆమెకు మనసొప్పలేదట. తన చేతిపని యంతయు చేపను చంపుటకే గదా, మరి యిదెట్టి ధర్మము? ఈ ప్రశ్న మమ్ము కొన్నాళ్లు వదలలేదు. మా యింట చేప వండు ఆచారము లేదు. అయినను మేము ఈగ గట్ట మొదలుపెట్టితిమి.

విధానము చెప్పెదము. గోరంత కొక్కెమును కదలకుండ పట్టుకొనుటకు వారికి ప్రత్యేకమైన బిగింపుపరికరము కలదు. మాకు కంసాలి పట్టకారే దిక్కయినది. పట్టుదారమునకు తేనెమైనము రుద్ది, కొక్కెపు కన్నునుండి వంపు వరకు ఒరసికొనునట్లు చుట్టవలెను. వంపుదగ్గర నాలుగు ఈకపోగులు తోకగా గట్టి, అచ్చటనే జరీకొసను కూడ బిగించి విడువవలెను. పిమ్మట ఉన్నిని వ్రేళ్ల నడుమ దారమునకు పేని, పొట్టగా చుట్టుకొనుచు కన్నువైపునకు రావలెను. దానిపై జరీని నాలుగైదు మెలికలు మాత్రమే, ఎడము సమముగా త్రిప్పవలెను. మెడయొద్ద పెట్టయీకను ఒకటి రెండు చుట్లు; అంతకు మించరాదు. పైన బాతు రెక్కయీకనుండి చీల్చిన సన్నని రెండుపేళ్లు జంటగా వెనుకకు వాల్చి గట్టినచో రెక్కలగును. చివర దారపుకొసను దాని చుట్లక్రిందుగానే లాగి, ముడి కనబడకుండ బిగించి, గోళ్లకు పూయు రంగులేని వార్నీషు చుక్క వేయవలెను.

వ్రాసినంత సులభము గాదు. పొరుగింటి పెట్ట రాల్చిన యీకలతో మేము గట్టిన మొదటి ఈగ, ఈగ గాక చిన్న గుడ్లగూబవలె నున్నది. రెండవదాని రెక్కలు చెంబునీటిలో ముంచగానే యూడి తేలినవి. మూడవదానిని కొంగున గుచ్చుకొని మరచిపోయి, ఆ కొంగుతోనే పిల్లకు మొగము తుడువబోతిమి; దైవము మేలుచేసి మావారు చూచిరి. కొక్కెముతో పనిచేయునపుడు మూత గల డబ్బా ప్రక్కననే యుండవలెనని అప్పటినుండి మా నియమము. దోషమంతయు ఎక్కువ చుట్టుటలో నున్నదని ఆరవ ఈగనాటికి గ్రహించితిమి. ముగ్గులోనైనను అల్లికలోనైనను నిండించుటయే మనకు అలవాటు. మునుగు ఈగకు బక్కతనమే అందము. బొద్దుగా నున్నది మునుగదు, చేపను నమ్మింపదు. నెమలిపింఛపు పోగులు పొట్టకు చుట్టిన నీటిలో పచ్చగను, రాగివన్నెగను మెరయుననియు, అచ్చటివారికి అవి మిక్కిలి ప్రియములనియు మరది వ్రాసెను. దక్షిణదేశపు అడవులలోని బూడిదవన్నె అడవికోడి మెడయీకలు కూడ ఒకప్పుడు రాసులుగా సీమకు బోయి ఈగల కన్నులైనవట. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి చట్టము ఆ పక్షిని కాపాడుచున్నది, మంచిది.

మన పెద్దలకు ఈ విద్య తెలియనిదా? అమరకోశమున గాలమునకు బడిశమని పేరు. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణమే కలదు. పొలుసు గల చేపలెవ్వి, లేనివెవ్వి, వానికి వేయవలసిన మేత లెవ్వి, గాలమెట్లు వేయవలెను అని రాజు పూని చెప్పినాడు. సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దీనిపై వ్యాసము వ్రాసి నేటి చేపలతో సరిపోల్చినాడు. భాగవతమున అవధూత తన యిరువదినలుగురు గురువులలో చేపను కూడ లెక్కించినాడు గదా! జిహ్వచాపల్యమున గాలము మ్రింగి చెడిన గురువది. ఆకలి గల ప్రాణి ఆకలిచేత మోసపోవుట అందరెరిగినదే.

ఇక మా యూరి సంగతి. గుండ్లకమ్మకు అడ్డముగా రెండుకొండల నడుమ 57 అడుగుల ఎత్తున గట్టిన కట్ట మా చెరువునకు ప్రాణము. కృష్ణదేవరాయల రాణియు, గజపతుల ఆడపడుచును అగు వరదరాజమ్మ త్రవ్వించినదని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వకట్టడముగా గుర్తించిరి. వానలు తప్పిన యేండ్ల నడిచెరువున పశువులు మేయును. నల్లమలలో కురిసిన యేడు సముద్రమువలె కనబడును. క్రొత్తనీరు దిగిన నాలుగు దినములకు కట్టమీద గాలములవారు వరుసగా కూర్చుందురు. మాకు తొలిఋతువదియే.

మేము గట్టిన ఆరవ ఈగను, కట్టదిగువ నుండు జాలరి పిల్లవానికిచ్చితిమి. వాడు మొదట నవ్వినాడు. వెదురుగడకు బెండు తీసివేసి, మేము చెప్పినట్లు ఈగను మునుగనిచ్చి మెల్లగా లాగగా, ప్రొద్దు వాలులోపల పదునాలుగు పరిగెలు పడినవి. బొచ్చె, శీలావతి, మోసులకు ఇది పనికిరాదు. బొచ్చె నీటిపైతట్టున తేలు సూక్ష్మజీవులను వడగట్టి తినును, శీలావతికి నాచు ఇష్టము, మోసు అడుగుబురద వెదకును. పురుగు నాశించు చిన్నచేపలే ఈకకు లోబడును. మదరాసు రాజధానిలో కలెక్టరుగా నుండిన హెచ్. ఎస్. థామసు అను దొర మన చెరువులలో గాలము వేయుటను గూర్చియే 1887లో నొక పుస్తకము వ్రాసినాడు గనుక, మేమే మొదటివారమని చెప్పుకొనుటకు వీలులేదు.

పిల్లవానికి ఆశ పెరిగినది. "అమ్మగారూ, కొరమీనుకు పెద్దీగ కట్టియ్యండమ్మా, ఆ తుంగ కాడ ఉండాది" అని మరునాడు వచ్చినాడు. మేమును పిల్లలును వానితో పోయితిమి. తుంగనడుమ నీటిపై ఎర్రని మరక యొకటి కదలుచున్నది. కుంకుమ చల్లినారేమో యనుకొంటిమి. దగ్గరగా చూడగా అవి వేలకొలది చేపపిల్లలు, ఒక్కటిగా గుమిగూడి ఊపిరికై పైకి వచ్చుచు, మరల దిగుచు నున్నవి. వాని క్రింద నల్లని పెద్దనీడ తిరుగుచున్నది.

ప్రక్కన వల బాగుచేసికొనుచున్న ముసలి జాలరి ఆ పిల్లవాని చేతిలోని గడను పట్టుకొన్నాడు.

"తాతా, ఆ పెద్దచేపకు ఆకలి గాదా? ఈగ వేసిన రాదా?" అని మేమడిగితిమి.

"వస్తదమ్మా, ఏది ఏసినా వస్తది. కప్పనేసినా వస్తది, గుడ్డపేలికేసినా వస్తది. ఆకలికి కాదమ్మా. పిల్లల మీదికి ఏందో వస్తా ఉండాదని తరమటానికొస్తది. దాన్ని పడితే ఈ పిల్లలు సాయంత్రానికి ఉండవు. జెల్లలు, వాలుగలు మింగేస్తాయి."

కొరమీను తుంగను త్రోసి గూడు చేయును. గ్రుడ్లు దానిలో తేలును. పిల్లలు లేచిన పిమ్మట కొన్ని వారముల వరకు జంట, అందులో ముఖ్యముగా మగది, కాపలా కాయును. ఆ కాపలాకాయు కోపమునే ఎరగా జేసికొని పట్టుట చాల చోట్ల వాడుక; గాలమునకు ఇంతకంటె సులభముగా పడు సమయము మరి లేదు.

అప్పుడు మాకు మార్చి 15వ తేదీ అర్థమైనది. ఆ దేశపు ట్రౌటు శరత్తునుండి చలికాలమువరకు యేటిగులకలో గ్రుడ్లు పెట్టి, వానిని విడిచి పోవును. ఆ కాలమంతయు గాలము నిషిద్ధము. సంతానపుపని ముగిసి, చిక్కి, ఆకలిగొన్న చేపను వారు తొలిఋతువున పట్టుదురు. మనకో, క్రొత్తనీటితో వచ్చునది చూలుకాలము. పారునీరు తగులగానే శీలావతి, మోసు గ్రుడ్లతో ఏటికి ఎదురెక్కును. కొరమీను గూడు కట్టును. అక్కడి తొలిఋతువును ఇక్కడి తొలిఋతువును పేరున నొకటే గాని, ఒకటి పురుడు తీరిన పిమ్మటిది, మరియొకటి పురిటింటిలోనిది. ఈగను తెచ్చుకొందము గాని దాని పంచాంగమును తెచ్చుకొనరాదు.

ఇది మా యొక్కరి బెంగ గాదు. ఫ్రాన్సిస్ డే యను వైద్యుడు 1873లోనే, గ్రుడ్లచేపలను, పసిపిల్లలను విచ్చలవిడిగా పట్టుటవలన దేశపు చెరువులు ఏళ్లు ఖాళీయగుచున్నవని నివేదిక వ్రాసినాడు. 1897 నాటి చట్టము మందుగుండును విషమును నిషేధించినది. అయినను దోమతెరవంటి వల వేసినవాని నాపుట ఏ చట్టమునకైనను కష్టమే. 1957 జూలై 10న ఒడిస్సాలో హీరాలాల్ చౌధురి చేపలకు సూదిమందిచ్చి గ్రుడ్లు పెట్టించిన నాటినుండి బొచ్చె, శీలావతుల పిల్లలను కేంద్రములలో పెంచి చెరువులలో విడుచుచున్నారు. పోసిన పిల్లలున్నవిగదా యని పెద్దల బాధ్యత కొంత సడలినది. తుంగలో గూడు గట్టిన కొరమీనుకు అట్లు సాయముచేయువారు లేరు.

మేగన్ బాయిడ్ గాలము వేయక ఈగలు మాత్రము ఎందుకు గట్టినదో మేము చెప్పజాలము. మేమెందుకు గట్టుచున్నామో మాత్రము చెప్పగలము. పరిగెకు ఈగ వేసిన పిల్లవాడు ఒక్కొక్క చేపను తన చేతితో దీసి చూచును. గ్రుడ్డుతో నున్నదానిని మరల విడువవచ్చును. వల అట్లు చూడదు.

ఆ పిల్లవానికి కొరమీను ఈగ గట్టి యియ్యలేదు. వాడు రెండుదినములు మాతో మాటాడలేదు. మూడవనాడు వచ్చి, మరక తుంగనుండి ఎడమగట్టుకు జరిగినదనియు, తాను లెక్కింప యత్నించి తప్పిపోయితిననియు చెప్పినాడు. అప్పటినుండి ప్రతిసాయంత్రమును అదియే వార్త. పిల్లలు నలుపు తిరిగినవి, మరక పలుచనైనది, ఒకనాడు నీడ కనబడలేదు.

మరదికి మరల జరీ కావలెనట, ఈమారు వెండిది. దానితో కూడ మేము గట్టిన నల్లయీగ నొకదానిని పంపుచున్నాము. ఆతడు దానిని సరస్సులో వేయునో, బల్లమీద నుంచి నవ్వునో చూడవలెను.